ఒంటిచేత్తో నడిపే బ్యూటీ పార్లర్: లెక్క గడియారంతో మొదలుపెట్టండి

పార్లర్ పెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు ఏ కుర్చీ కొనాలి, బోర్డు మీద ఏం పేరు రాయించాలి అని ఆలోచిస్తారు. ఒక్కరే నడిపే పార్లర్‌కి ఆ రెండూ తర్వాతి సంగతి. ఇక్కడ అసలు సరుకు మీ చేతుల సమయమే. రోజులో ఆ చేతులు ఎన్ని గంటలు పనిలో ఉంటాయో, గంటకి ఎంత వస్తే గిట్టుతుందో తేలిందంటే, ఎంత అద్దె భరించగలరు, ఏ సర్వీసులు పెట్టుకోవాలి, ఆఖరికి ఎన్ని ప్లక్కర్లు కొనాలి అన్నవి కూడా ఆ లెక్కలోంచే వచ్చేస్తాయి.

మొదట మూడు సర్వీసులు చాలు

త్రెడింగ్ నుంచి బ్రైడల్ మేకప్ దాకా ఇరవై సర్వీసులు రేట్ల పట్టికలో పెట్టేయాలని మనసు లాగుతుంది. ప్రతి సర్వీసు వెనకా దాని సొంత సామాను, సొంత సరుకు, ఆ సరుకు గడువు ఉంటాయి. నెలకి ఇద్దరే అడిగే సర్వీసు కోసం డబ్బా విప్పితే, సగం కూడా వాడకుండానే పారేయాల్సి వస్తుంది.

ఒకే చోట, దాదాపు ఒకే సామానుతో అయ్యే మూడు ఎంచుకోండి. త్రెడింగ్, వ్యాక్సింగ్, ఫేషియల్ మూడూ ఒక్క బెడ్ మీద అయిపోతాయి. మానిక్యూర్, పెడిక్యూర్, జెల్ నెయిల్స్ ఇంకో జట్టు. జుట్టు పని వేరే లోకం: బేసిన్, వేడినీళ్లు, వెంట్రుకలు పట్టే జాలీ ఉన్న డ్రెయిను కావాలి. దాన్ని మొదటి రోజే కలుపుకుంటే పెట్టుబడి ఒక్కసారిగా పెరిగిపోతుంది. మూడింటిలో ఒకటి జనం తరచుగా వచ్చేదై ఉండాలి. త్రెడింగ్‌కి మూడు నాలుగు వారాలకోసారి వస్తారు. ఇంకొకటి ఒక్క విజిట్‌లోనే ఎక్కువ తెచ్చేదై ఉండాలి.

ఎంచుకున్నాక, రేటు వేయకముందే ఒక్కో పని కనీసం పది మందికి చేసి, ప్రతిసారీ టైము రాసుకోండి. ఒకరికి 45 నిమిషాలు, ఇంకొకరికి 80 పడుతోందంటే చెయ్యి ఇంకా కుదరలేదని అర్థం. ఆ దశలో అపాయింట్‌మెంట్లు ఇస్తే రోజంతా ఒకరి వెనక ఒకరు ఆలస్యమవుతారు.

ఫేషియల్‌కి గంట అని అందరూ అంటారు. నిమిషాలు విడదీసి చూడండి. కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం 5, క్లెన్సింగ్ 5, స్క్రబ్ 5, ఆవిరి 8, బ్లాక్‌హెడ్స్ తీయడం 10, మసాజ్ 15, ప్యాక్ ఆరడం 15, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ 5, డబ్బు తీసుకుని తర్వాతి తేదీ రాయడం 5. ఇక్కడికే 73 నిమిషాలు. దుప్పటి మార్చి, గిన్నెలు కడిగి, బెడ్ తుడవడానికి ఇంకో 15. అంటే గంటన్నర. గంట అనుకుని రేటు వేసినవాళ్లు ప్రతి ఫేషియల్‌కీ అరగంట ఊరికే చేస్తున్నట్టే.

రేటు ఎలా వేయాలి

పక్క పార్లర్ రేటు చూసి అందులోంచి కొంచెం తగ్గించి వేయడం వల్లే చాలా చిన్న పార్లర్లు మునుగుతాయి. వాళ్ల అద్దె వేరు, వాళ్ల అప్పు వేరు. మీ రేటు మీ లెక్కలోంచే రావాలి.

కరెన్సీ పక్కన పెట్టి వంతుల్లో చూద్దాం. అద్దె, కరెంటు, నీళ్లు, ఫోను, బీమా, మెషీన్ల తరుగు కలిపి నెలకి 200 వంతులు అనుకోండి. తరుగు అంటే మెషీను ధరని అది పనిచేసే నెలలతో భాగించగా వచ్చేది. మూడేళ్లు నడిచేదైతే 36తో భాగించాలి. మీ జీతం 300 వంతులు. జీతం కలపడం మరిచిపోవద్దు. మిగిలిందే నా జీతం అనుకుంటే ఏమీ మిగలదు. మొత్తం 500.

వారానికి ఆరు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు తెరిచి ఉంచితే నెలకి సుమారు 200 గంటలు. అందులో మొదటి ఏడాది సగమే నిండుతుందని అనుకుని లెక్క వేయండి. 500ని 100 గంటలతో భాగిస్తే గంటకి 5 వంతులు. గంటన్నర ఫేషియల్‌కి 7.5, దానిమీద సరుకు 1.2 అనుకుంటే 8.7. దీనికి పాడైపోయేవి, మళ్లీ చేయాల్సి వచ్చేవి, లాభం కోసం 15 శాతం కలిపితే 10. త్రెడింగ్‌కి శుభ్రం చేయడంతో కలిపి పావుగంట పడితే 1.25, సరుకు 0.05, 15 శాతం కలిపితే ఒకటిన్నర.

ఇప్పుడు డిస్కౌంట్ సంగతి చూడండి. పదిలో 20 శాతం తగ్గిస్తే 8 వస్తుంది, మీకు పడిన ఖర్చు 8.7. లాభం మొత్తం పోగా మీ జీతంలోంచి ఇంకో 0.7 కస్టమర్ చేతిలో పెట్టినట్టు. డిస్కౌంట్ ఇవ్వాలంటే ఎప్పుడూ ఖాళీగా ఉండే గంటలకే ఇవ్వండి. శనివారం సాయంత్రం ఎటూ నిండుతుంది, అక్కడ తగ్గించడం దండగ.

సరుకు ఖర్చు ఊహించి వేయకండి. ఒక గ్రాము తేడా కూడా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనండి. వ్యాక్స్ డబ్బాని పనికి ముందూ తర్వాతా తూచి, ఐదుగురి సగటు తీయండి. క్రీముకీ, ప్యాక్‌కీ అంతే. చేతికి తోచినంత తీసేవాళ్లు ఎంత వృథా చేస్తున్నారో త్రాసు ఎక్కించాకే తెలుస్తుంది. హెయిర్ కలర్ చేస్తే మరీనూ: గిన్నెలో కలిపాక మిగిలినది దాచడానికి కుదరదు, కలిపిన క్షణం నుంచే అది ఆక్సిడైజ్ అవుతుంటుంది.

ఎక్కడ పెట్టాలి

ఇంట్లో గది, ఇంకొకరి పార్లర్‌లో కుర్చీ అద్దెకి, కస్టమర్ ఇంటికి వెళ్లడం, సొంత షాపు. ఇంటికి వెళ్లి చేస్తే అద్దె ఉండదు కానీ ప్రయాణం మీ గంటల్లోంచే పోతుంది. గంట పనికి రాకపోకలు గంటైతే రేటు రెట్టింపు ఉండాలి. కుర్చీ అద్దెలో నెలకి ఇంత అని స్థిరంగా ఇవ్వడమా, వచ్చినదాంట్లో శాతం ఇవ్వడమా అన్న ప్రశ్న వస్తుంది. కస్టమర్లు ఇంకా కూడనప్పుడు శాతమే నయం. నిండే రోజులు వచ్చాక స్థిర అద్దె కలిసొస్తుంది. ఏదైనా కాగితం మీద రాయించుకోండి. మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎవరివి అన్నది కూడా అందులో ఉండాలి. గొడవలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

అడ్వాన్స్ కట్టకముందే మీరుండే చోట ఈ పనికి ఏ లైసెన్సు కావాలో, ఆ భవనంలో వ్యాపారానికి అనుమతి ఉందో లేదో స్థానిక అధికారులని అడగండి. చాలా దేశాల్లో మనిషికి వేరే, స్థలానికి వేరే అనుమతులు ఉంటాయి. లేజర్, పియర్సింగ్ లాంటివాటికి ఇంకా కఠినమైన నియమాలు. పనిలో కస్టమర్‌కి గాయమైతే ఆదుకునే బీమా మొదటి రోజు నుంచే ఉండాలి. పాలసీలో మీరు చేసే సర్వీసుల పేర్లు ఒక్కొక్కటిగా ఉన్నాయో లేదో చూసుకోండి. జాబితాలో లేనిదానికి బీమా వర్తించదు.

గది మరీ పెద్దది అక్కర్లేదు. ఫేషియల్ బెడ్ సుమారు 190 సెంటీమీటర్ల పొడవు, 65 వెడల్పు. రెండు పక్కలా 75, తల వైపు 90 వదిలితే 2.2 మీటర్లకి 2.8 మీటర్ల గదిలో సరిపోతుంది, ట్రాలీ మూలన పట్టేస్తుంది. డబ్బు దేనిమీదైనా పెట్టాలంటే బెడ్ డిజైన్ మీద కాదు, ఎత్తు మార్చుకోగల స్టూలు మీద పెట్టండి. మీ మోచేయి కస్టమర్ ముఖం ఎత్తుకి రావాలి. భుజాలు పైకి లేపి పనిచేస్తే ఏడాదిలో మెడ పట్టేస్తుంది. మీ చేతులు ఆగితే వ్యాపారం ఆగిపోతుంది.

బల్బుల దగ్గర సీఆర్‌ఐ (రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించే కొలత) 90కి పైన, వెలుతురు రంగు 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య ఉన్నవి తీసుకోండి. పసుపు వెలుతురులో ఫౌండేషన్ షేడు తప్పుతుంది. త్రెడింగ్‌కి ఎదురు లైటు కంటే పక్కనుంచి పడే లైటు మంచిది, సన్న వెంట్రుకలు నీడతో కనిపిస్తాయి. ప్లగ్గుల లెక్క కూడా ముందే చూడండి: వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 2000 వాట్ల డ్రయ్యరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి స్టీమరు, వ్యాక్స్ హీటరు తగిలిస్తే వైరు వేడెక్కి ప్లగ్గు కరిగిపోవచ్చు.

శుభ్రత కూడా గంటల లెక్కే

ఒక ప్లక్కరు మళ్లీ వాడకానికి సిద్ధమయ్యేదాకా జరిగేది చూడండి. ముందు సబ్బునీళ్లలో ముంచి ఉంచి, నీళ్ల కిందే బ్రష్‌తో రుద్దాలి. పైన రుద్దితే తుంపరలు ముఖం మీద పడతాయి. మురికి ఉండగా డిసిన్ఫెక్టెంట్ పోస్తే అది మురికితోనే ఖర్చైపోతుంది, క్రిముల దాకా చేరదు. తర్వాత కడిగి తడి తుడవాలి, తడితో వేస్తే ద్రావణం పలచబడుతుంది. ఆ తర్వాత ప్లక్కరు నోరు తెరిచి ఉంచి డిసిన్ఫెక్టెంట్‌లో పూర్తిగా ముంచాలి. ఎంతసేపో డబ్బా మీద ఉంటుంది, చాలావాటికి 10 నిమిషాలు. తీసి, కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న పెట్టెలో పెట్టాలి. అంతా కలిపి 20 నిమిషాలకి పైనే. మీ త్రెడింగ్ స్లాటు 15 నిమిషాలు. కాబట్టి చేతిలో ఒకటి, నానుతూ ఒకటి, పెట్టెలో ఒకటి చొప్పున కనీసం మూడు సెట్లు కావాలి. నాలుగోది ఉంటే కింద పడినప్పుడు ఆదుకుంటుంది. రెండు సెట్లతో నడిపేవాళ్లు రద్దీలో ఏదో ఒక మెట్టు ఎగ్గొట్టక తప్పదు.

ఆల్కహాల్ వాడితే 70 శాతానిది వాడండి. 99 శాతానిది బలంగా అనిపిస్తుంది కానీ త్వరగా ఆవిరైపోతుంది. క్రిముల ప్రోటీన్ విరగడానికి కొంచెం నీరు కావాలి. రక్తం పడిన చోట 0.5 శాతం హైపోక్లోరైట్ కావాలి: 5 శాతం బ్లీచ్ 100 మి.లీ. అయితే నీళ్లు 900. పది నిమిషాలు ఉంచి తుడవాలి, ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. యాసిడ్‌తో గానీ అమోనియాతో గానీ కలిస్తే విషవాయువు వస్తుంది. లోహానికి బ్లీచ్ తుప్పు పట్టిస్తుంది. చర్మాన్ని గుచ్చే అవకాశమున్న నిప్పర్లు (గోటి చుట్టూ చర్మం కత్తిరించేవి), బ్లాక్‌హెడ్ సూదుల లాంటివాటికి ఆటోక్లేవ్, అంటే ఒత్తిడితో ఆవిరి పట్టే పాత్ర, ఒక్కటే భరోసా: 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు లేదా 134 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు. నీలం లైటు పెట్టెని స్టెరిలైజర్ అని అమ్ముతారు. లైటు పడని పక్క ఏమీ జరగదు. కడిగిన సామాను దాచుకోవడానికైతే సరే.

వ్యాక్స్ గిన్నెలో ఒకసారి చర్మాన్ని తాకిన కర్ర స్పాచులాని మళ్లీ ముంచకూడదు. వేడికి క్రిములు చస్తాయిలే అనుకుంటారు, చర్మం ఓర్చుకునే వేడికి అవి చావవు. ఒక్క కాలికి పది కర్రలు అవుతాయి, ఆ పదీ రేటులో ఉండాలి. త్రెడింగ్ దారం నోటితో పట్టడం మానేసి, మెడకి లూపు వేసుకోవడం నేర్చుకోండి. మొదటి వారం చెయ్యి తడబడుతుంది, తర్వాత అలవాటవుతుంది.

పెడిక్యూర్ టబ్బు దగ్గర ఇంకొంచెం ఆగాలి. 2000లో కాలిఫోర్నియాలోని ఒక నెయిల్ సెలూన్‌కి వెళ్లినవాళ్లలో వంద మందికి పైగా కాళ్ల మీద నెలల తరబడి మానని గడ్డలు లేచాయి. మైకోబాక్టీరియం ఫార్టూయిటమ్ అనే బాక్టీరియా దానికి కారణం. నీళ్లు సుడి తిరిగే వర్ల్‌పూల్ టబ్బులో నీళ్లు లాగే జాలీ వెనక వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకుని ఉంటే, ఆ బాక్టీరియా అక్కడే పెరిగింది. వచ్చేముందు కాళ్లు షేవ్ చేసుకున్నవాళ్లకి ముప్పు ఎక్కువైంది. అందుకే మొదట్లో పైపులు, జెట్లు లేని మామూలు టబ్బు కొనండి. దాని ప్రతి మూలా చేతికి అందుతుంది. కాళ్లు షేవ్ చేసి 24 గంటలు కాకపోతే ఇంకో రోజు రమ్మనండి.

ముందు అడగాల్సినవి

ప్రతి కొత్త కస్టమర్‌కి ఒక కార్డు. పేరు, ఫోను, అలర్జీలు, వాడుతున్న మందులు, గర్భం, షుగర్, రక్తం పలచబడే మందులు. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకి, మానేసి ఆరు నెలలు కానివాళ్లకి వ్యాక్సింగ్ చేయకూడదు. వెంట్రుకతో పాటు చర్మం కూడా పొరగా లేచొస్తుంది. “మందులేమైనా వాడుతున్నారా?” అంటే చాలామంది లేదనేస్తారు. “మొటిమలకి ఏమైనా వాడుతున్నారా, రాత్రిపూట క్రీమేదైనా రాస్తున్నారా?” అని విడిగా అడిగితేనే బయటికి వస్తుంది.

పర్మనెంట్ హెయిర్ కలర్‌కి 48 గంటల ముందు ప్యాచ్ టెస్టు, అంటే కొంచెం రాసి అలర్జీ వస్తుందేమో చూడటం. చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ, డబ్బా మీద చెప్పిన పద్ధతిలో. ముదురు షేడుల్లో ఉండే పారా ఫినైలిన్ డయమైన్ అలర్జీ వెంటనే బయటపడదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. పది నిమిషాలు రాసి చూసి ఏమీ కాలేదనుకోవడం టెస్టు కాదు. “ఇన్నేళ్లుగా వేసుకుంటున్నానండీ” అన్నా వినకండి. ఈ అలర్జీ వాడగా వాడగానే పుడుతుంది. గతంలో నల్ల హెన్నా టాటూ వేయించుకున్నవాళ్లని మరీ జాగ్రత్తగా చూడాలి, అందులో చాలావాటికి ఇదే రసాయనం కలుపుతారు. జెల్ నెయిల్స్‌లో గట్టిపడే రసాయనాలైన అక్రిలేట్లదీ ఇదే కథ. గట్టిపడని జెల్ చర్మానికి అంటకూడదు, జెల్‌ని గట్టిపరిచే దీపం ఆ జెల్ కంపెనీ చెప్పినదే వాడాలి.

తల కడిగే బేసిన్ పెడితే మెడ కింద మందమైన మడత టవల్ తప్పనిసరి. మెడ బాగా వెనక్కి వంగితే వెన్నుపూసల పక్కన మెదడుకి వెళ్లే రక్తనాళం నలుగుతుంది. దీనికి 1993లోనే వైద్య పత్రికలో ‘బ్యూటీ పార్లర్ స్ట్రోక్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. తల తిరుగుతోందంటే వెంటనే లేపి కూర్చోబెట్టండి.

వ్యాక్స్ కాలిందా? వెంటనే పారే చల్లని నీళ్ల కింద 20 నిమిషాలు. ఐసు వద్దు, క్రీము వద్దు. జరిగింది కార్డులో రాసి, మర్నాడు మీరే ఫోన్ చేయండి. వ్యాక్స్ సరిగ్గా పట్టకపోతే చర్మం మీద చెమటో లోషనో ఉందని అర్థం. తుడిచి కొంచెం పౌడరు రాయండి. వెంట్రుక తెగిపోతోందంటే స్ట్రిప్పుని పైకి లాగుతున్నారు. చర్మాన్ని బిగించి పట్టి, స్ట్రిప్పుని చర్మానికి ఆనించినట్టే వెనక్కి లాగాలి. వెంట్రుక ఐదు మిల్లీమీటర్లకంటే పొట్టిగా ఉంటే పట్టదు, ఇంకో వారం ఆగమని చెప్పండి.

పుస్తకం నింపడం

అపాయింట్‌మెంట్ల మధ్య 10 నుంచి 15 నిమిషాల ఖాళీ పుస్తకంలోనే గీసి ఉంచండి, లేకపోతే ఆ ఖాళీలో ఎవరో ఒకరు దూరతారు. గంటకి మించిన పనికి అడ్వాన్స్ తీసుకోండి. 24 గంటల ముందు చెబితే తిరిగిస్తామనీ, తర్వాత ఇవ్వమనీ బుక్ చేసేటప్పుడే చెప్పండి. మొహమాటపడి అప్పుడు చెప్పకపోతే, తర్వాత డబ్బు ఉంచుకున్నప్పుడు దెబ్బలాట అవుతుంది. ముందురోజు ఒక మెసేజ్ పంపితే మరిచిపోయి రానివాళ్లు బాగా తగ్గుతారు.

కొత్తవాళ్లని వెతకడం కంటే వచ్చినవాళ్లకి తర్వాతి తేదీ ఇవ్వడం చవక. వ్యాక్సింగ్ నాలుగు నుంచి ఆరు వారాలు, జెల్ నెయిల్స్ రెండు మూడు వారాలు. జుట్టు నెలకి సెంటీమీటరుకి కొంచెం పైగా పెరుగుతుంది కాబట్టి మొదళ్లకి మళ్లీ రంగు వేసే రూట్ టచప్‌కి నాలుగు నుంచి ఆరు వారాలు. “మళ్లీ రండి” అని సాగనంపకుండా “పన్నెండో తేదీ ఇదే టైముకి రాసేయనా?” అని అడగండి.

ఫోటోలు పెట్టాలంటే ముందు కార్డు మీద కస్టమర్ సంతకం. ఆపైన ఒకే గోడ, ఒకే లైటు, ఒకే దూరం. ముందు ఫోటో చీకట్లో, తర్వాతది వెలుతురులో తీస్తే చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

సరుకు మొదట చిన్న ప్యాకుల్లోనే కొనండి, పెద్ద డబ్బా ఎంత చవకైనా సరే. విప్పిన రోజే డబ్బా మీద తేదీ రాయండి. మూత తెరిచిన జాడీ బొమ్మలో 12 అని ఉంటే విప్పాక 12 నెలలు అని అర్థం. క్రీము వేలితో తీయకుండా స్పాచులాతో తీస్తేనే ఆ 12 నెలలు నిలుస్తుంది.

మూడు నెలలు గడిచాక పుస్తకం ముందేసుకుని, ఒక్కో సర్వీసుకి వచ్చిన డబ్బులోంచి సరుకు ఖర్చు తీసేసి, పట్టిన గంటలతో భాగించండి. పైన వేసిన 5 వంతుల కంటే తక్కువ తెస్తున్నదాన్ని రేటు పెంచి చూడండి, లేదా తీసేసి ఆ గంటలు ఇంకోదానికి ఇవ్వండి. రెండు వారాల ముందే పుస్తకం నిండిపోవడం వరుసగా రెండు నెలలు జరిగితే మొత్తం రేట్లు పెంచే సమయం వచ్చినట్టు. నెల ముందు కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించండి. అప్పటికే రాసుకున్న అపాయింట్‌మెంట్లకి మాత్రం పాత రేటే తీసుకోండి.